ఊరి అంచున తిరిగిన ఇల్లు

ఆ వేసవిలో మా ఇల్లు ఒకచోట నిలవలేదు.

మధ్యాహ్నం పూట కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టి, ఆ మట్టివాసన చీకట్లో నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. తెర మీద మా ఊరి ఇళ్లన్నీ చిన్న చిన్న చుక్కలై కదిలేవి. మొదట్లో జాతరలో తప్పిపోయిన పిల్లల్లా ఎటుపడితే అటు పరుగెత్తేవి. కొంతసేపటికి ఒకదాన్నొకటి గుర్తుపట్టినట్టు దగ్గరికి జరిగేవి, గుంపులు కట్టేవి, నెమ్మదించేవి. మా ఇంటికి నేను తెల్లరంగు ఇచ్చాను. ఆ తెల్లచుక్క మాత్రం ఒకసారి కాలువ పక్కన తేలేది, ఇంకోసారి మట్టిగుట్ట మొదట్లో, మరోసారి ఎవరికీ అక్కర్లేని చివరి మలుపులో. అప్పుడే గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగేది. నేల లోపల ఎవరో నిద్రలో ఒత్తిగిల్లినట్టు ఒక కదలిక. వంటింట్లో గిన్నెలు సన్నగా మోగి ఊరుకునేవి. తెర మీద మాత్రం ఏమీ వణికేది కాదు. మా ఇల్లు మళ్లీ బయల్దేరేది.

మాది గోదావరిఖని దాటాక, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గుగని అంచున ఉన్న ఊరు. గని పెరుగుతూ ఊరిలో సగాన్ని మింగి, మిగిలిన ఇళ్ల దాకా వచ్చింది కనుక ఊరు జరగాలి. రామగుండం పోయే దారిలో ఎర్రమట్టి నేల చదును చేసి, తెల్లరాళ్లు పాతి, మా కోసం కొత్త ఊరు సిద్ధం చేశారు. ఇళ్లు లేని ఊరు. వీధులు మాత్రం ఉన్నాయి. ఎండలో చూస్తే ఆ రాళ్లు నీళ్ల మీద తేలుతున్నట్టు కనిపించేవి.

మా తాతల కాలంలో ఊరి నడిమధ్య మా గడి, కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. గడి పోయింది, భూములు పోయాయి, చివరికి గడి నిలిచిన నేల కూడా గని కిందికి పోయింది. అవి ఎలా పోయాయో చెప్పుకుని జాలి పుట్టించుకోవడం మా ఇంటి పద్ధతి కాదు. ఇక్కడా చెప్పను. మిగిలింది మూడు గదుల పెంకుటిల్లు, ఒక చేతుల కుర్చీ, కొన్ని నియమాలు. కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా కూర్చోవాలి. ఎవరింటికీ చేయి చాచి పోకూడదు. ఊరివాళ్లను అత్తా, కాకా అని వరస కలిపి పిలవకూడదు. మా నాన్న, మేం బాపు అంటాం, గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పనిచేసేవాడు. ఉద్యోగం అనేవాడు కాదు, "బడి చూసుకుంటున్న" అనేవాడు. అది అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు. ఆయన చూసుకునే తీరు అలాగే ఉండేది.

అప్పుడు నేను ఇంజినీరింగ్ మూడో ఏడు ముగించాను. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం సారు వేసవి పరిశోధనకు కొందరు విద్యార్థులను తీసుకున్నారు. అందులో నేనొకదాన్ని. పని ఇది: ఒకే చిక్కుముడిని రెండు దారుల్లో విప్పాలి. ఒకటి జెనెటిక్ అల్గారిథమ్, రెండోది క్వాంటం లెక్క. రెంటినీ పోల్చి చూడాలి. ఇంటినుంచే చేయొచ్చన్నారు. చిక్కుముడి మాత్రం ఎవరికి వాళ్లే వెతుక్కోవాలన్నారు.

నాది వెతకకుండానే దొరికింది. మా ఇంటి వెనక గోడకు అవతల ఒక గని కార్మికుడి ఇల్లు. భర్త డ్యూటీకి పోతే ఆయన భార్య, నలభై దాటిన మనిషి, గోడ మీద మోచేతులు ఆనించి మా అమ్మతో మాట్లాడేది. వాళ్ల అత్త ఒకప్పుడు మా గడిలో పనిచేసిందట. ఒకరోజు ఆమె అంది:

"ఇన్నరా దొరసానీ, కొత్త ఊళ్లె జాగలకు సిట్టీలు తీత్తరట. నా పక్కన ఎవలు పడ్తరో ఏమో. మా ఆయిన సెకండ్ షిఫ్టుకు పోతే నేనెవలతోని మాట్లాడాలె, మట్టిగుట్టతోనా?"

"గని ఆఫీసరు ఏమన్నడు?" అని అమ్మ అడిగింది.

"అందరు ఒక్క మాట మీదికి అచ్చి, ఎవలిల్లు యాడనో రాసిత్తే ఒప్పుకుంటమన్నడు. ఒక్కిల్లు కాదన్నా సిట్టీలేనట. గీ ఊళ్లె ఒక్క మాటా? బోనాలకు మేకను కొనుటానికే మూడు దినాలు కొట్లాడ్తరు!"

నేను అక్కడే నిలబడి విన్నాను. ఇన్ని ఇళ్లు, ఇన్ని జాగాలు, ఎవరి పక్కన ఎవరు? సారు చెప్పిన చిక్కుముడి అచ్చంగా ఇదే. మనిషి కూర్చుని అన్నీ వేసి చూడాలంటే జన్మలు చాలవు.

జెనెటిక్ అల్గారిథమ్ పని తీరు అమ్మకు చెప్పినప్పుడు ఆమె నవ్వింది. ముందు ఊరి పటాలు కొన్ని గుడ్డిగా వేస్తాం. వాటిలో బాగున్నవాటిని జతకడతాం. తల్లి పటంలో సగం, తండ్రి పటంలో సగం పోలికతో పిల్ల పటాలు పుడతాయి. మధ్యమధ్యలో ఊరికే రెండిళ్లను అటూ ఇటూ మారుస్తాం. మంచివి నిలుస్తాయి, చెడ్డవి రాలిపోతాయి. తరం మీద తరం గడిచేకొద్దీ ఊరు బాగుపడుతుంది.

"తరాలు గడుస్తుంటే బాగుపడతదా?" అంది అమ్మ. "మనింట్ల వేరే తీరుగ జరిగింది బిడ్డా."

ఏ పటం బాగుందో తేల్చాలంటే ఎవరు ఎవరికి దగ్గరో తెలియాలి. "ఎవరంటే ఇష్టమని అడగకు. జనం మర్యాదకు అబద్ధం చెప్తారు. రోజూ చేసే పని ఏదైనా ఉంటే అది అడుగు," అన్నారు సారు వీడియో కాల్‌లో. నాకు పాలు తోడేయడం గుర్తొచ్చింది. ఇంట్లో పెరుగు మిగలని రోజు గిన్నె పట్టుకుని ఏ ఇంటికి పోతాం? అర్ధరూపాయంత పెరుగుబొట్టు కోసం ఎవరూ ఊరు దాటి పోరు, పడనివాళ్ల గడప ఎక్కరు. అదే అడగాలనుకున్నాను. ఇంటివాళ్లు నోటితో చెప్పిందే రాయాలని, నా ఊహ ఏదీ కలపకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను.

ఊరందరూ ఒప్పుకునే పటం నా లెక్కతో వేసిస్తానని చెప్పి, ఎండ దిగాక ఊరంతా తిరిగాను. నన్ను చూసి మంచాలు దులిపి వేసేవారు. కూర్చునేదాన్ని కాదు.

"తోడుకు ఎవరింటికి పోతారు?"

"ఇంకెవలింటికి, మా తోటికోడలింటికి."

"మొన్న బోరు కాడ ఆమెతో కొట్లాడినరు కదా?"

"దాని మొఖం సూడ. కని దానింటి తోడేత్తెనే పెరుగు గట్టిగ అయితది. మొఖానికి పెరుగుకు ఏం సంబంధం?"

ఒక ముసలాయన, పాత రోజుల్లో బెల్లంపల్లి బొగ్గుబావుల్లో పనిచేసి రిటైరైనవాడు, అరుగు మీంచి అరిచాడు: "చిన్నదొరసానీ, కల్లుకు ఎవలింటికి పోతరో గది అడుగు! జల్ది తేలుతది నీ లెక్క!"

గోడ అవతలి ఇంటామె తనకు అటూ ఇటూ ఉన్న రెండిళ్లు చెప్పింది. అలా అందరివీ వచ్చాయి. చివరికి మా ఇంటి వరుస మిగిలింది. దాన్ని ఎవరినీ అడగనక్కరలేదు. మేం తోడుకు ఎవరింటికీ పోం. మా ఇంటికి ఎవరూ వస్తామని చెప్పలేదు. ఆ వరుస నిండా సున్నాలు పెట్టాను. పెడుతున్నప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉంది.

సున్నాలు ఏం చేస్తాయో తెర మీద చూశాక తెలిసింది. మిగతా ఇళ్లన్నీ దగ్గరితనం కోసం నడిమధ్య జాగాల మీద పోటీపడేవి. మాకు ఎక్కడున్నా ఒకటే అన్నట్టు లెక్క మమ్మల్ని అంచుకు నెట్టేది. ప్రతిసారీ అంచుకే, కాని ప్రతిసారీ కొత్త అంచుకు. ఒకప్పుడు ఊరు ఎవరి చుట్టూ మొలిచిందో ఆ ఇల్లు, కొత్త ఊరి పొలిమేరలన్నీ కాపలావాడిలా తిరిగేది.

"ఈ ఒక్క ఇల్లు ఏంటమ్మా, దీనికి ఒక్క సంబంధమూ లేదు?" అన్నారు సారు. "డేటా తప్పు పడిందేమో చూడు."

"తప్పు కాదు సార్. ఆ ఇంటివాళ్లు ఎవరింటికీ పోరు."

అది ఎవరిల్లో నేను చెప్పలేదు. ఆయన అడగలేదు.

క్వాంటం లెక్కలోకి ఊరంతా పట్టదు. ప్రతి ఇంటికీ, అది నిలవగల ప్రతి జాగాకూ విడిగా ఒక క్యూబిట్, అంటే క్వాంటం యంత్రం లెక్కపెట్టే అతిచిన్న భాగం, కావాలి. ఇళ్లు కొన్ని పెరిగితే చాలు, అవి కొండంత అవుతాయి. సారు వాళ్ల కంప్యూటర్‌లో, క్వాంటం యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములో, నాలుగిళ్లు మాత్రమే పెట్టాను: మాది, గోడ అవతలిది, ఆమె చెప్పిన రెండూ. ఒక వరసలో నాలుగు జాగాలు. అక్కడ ఒక ఇల్లు ఎక్కడుందో కొలిచేదాకా తేలదు. అప్పటిదాకా అది అన్ని జాగాలకూ కొంత కొంత చెందుతుంది. కొలవగానే ఒకచోట కుదురుకుంటుంది. ఈ మాట చదివినప్పుడు నాకెందుకో మనసు నెమ్మదించింది. పోగొట్టుకున్న చోట కూడా కొంత మిగిలి ఉండే వీలున్న లోకం ఒకటుందని.

ఒక మధ్యాహ్నం ఆ వేడికి అలాగే బల్ల మీద తల వాల్చాను. కొత్త ఊర్లో నడుస్తున్నాను. చేతిలో మా ఇంటి తాళంచెవి ఉంది. ప్రతి తెల్లరాయి దగ్గరా మా గడప కొంచెం కొంచెం ఉంది, గోదావరి మీద పొద్దుటి మంచులా పలచగా. అడుగు పెట్టబోతే పక్క రాయి దగ్గరికి జరుగుతోంది. దూరంగా కరెంటు ప్లాంటు గొట్టాల పొగ కదలకుండా నిలబడి ఉంది. ఎవరినైనా అడుగుదామంటే ఏ వరసతో పిలవాలో తెలియడం లేదు. సైరన్‌కు మెలకువ వచ్చింది. తెర మీద కొలతలు వచ్చి ఉన్నాయి. ఎన్నిసార్లు కొలిచినా ఆ మూడిళ్లు ఒకదాని పక్కన ఒకటి, మాది ఈ చివరో ఆ చివరో.

బాపు బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కుర్చీలో కూర్చుని అడిగాడు. "మన జాగ యాడ తేలింది?"

"ఇంకా తేలలేదు బాపు."

"తేలుడేంది? ముందుగాల మనది రాయాలె. రోడ్డు మొదట్ల, తూర్పు ముఖం. మిగిలినయి తర్వాత నీ లెక్కల చేసుకో. గట్లయితే ఒప్పుకుంట, లేకపోతే సంతకం పెట్టేది లేదు."

ఒక్క ఇల్లు కాదన్నా చిట్టీలే. గోడ అవతలామె భయమే నిజమవుతుంది, ఊరంతా చెల్లాచెదురవుతుంది. నేను మా ఇంటిని రోడ్డు మొదట్లో కదలకుండా పాతి లెక్క నడిపి చూశాను. ప్రోగ్రాములో ఒక్క వాక్యం రాస్తే చాలు. తెల్లచుక్క కదలకుండా నిలిచింది. కాని దాని ధాటికి మిగతావి విడిపోయాయి. తోడుకు రోజూ పోయే ఇళ్ల మధ్య వీధులు చేరాయి. ఆ వాక్యం కొట్టేశాను. పరీక్షలో చూసి రాయని మనిషిని, మా ఇంటి కోసం ఊరి లెక్క దొంగిలిస్తానా?

మర్నాడు అన్నం తింటున్నాను. అమ్మ పెరుగు వడ్డించింది. కత్తితో కోస్తే నిలబడేంత గట్టి పెరుగు. బర్రెను అమ్మేసి ఎన్నో ఏళ్లయింది. పాలు ప్యాకెట్లో వస్తాయి. ఎండాకాలం పెరుగు పులిసిపోతుంది, ఒక్కోరోజు మజ్జిగబొట్టు కూడా మిగలదు. అయినా తెల్లారేసరికి ఇంత పెరుగు. నా చేయి కంచంలో ఆగింది.

"అమ్మా, మనకు తోడు ఎక్కడిది?"

అమ్మ గిన్నె మీద మూత పెట్టింది. "తిను."

"ఎక్కడిదమ్మా?"

"మెల్లగ మాట్లాడు." ఆమె వాకిలి వైపు చూసింది. "వెనక గోడ మీద ఆమె గిన్నె పెడ్తది. నేను తీస్త. కడిగి మళ్ల అక్కడ్నే పెడ్త. నేనడగలె, ఆమె చెప్పలె."

"బాపుకు చెప్పనా?"

"చెప్తే పెరుగు మానేస్తడు."

పొద్దు వాలాక వెనక్కి వెళ్లాను. ఆమె గోడ అవతల బట్టలు తీస్తోంది. తీగ మీద డ్యూటీ బట్టలు, ఎంత ఉతికినా బొగ్గురంగు పోనివి.

"నేను అడిగినప్పుడు మా ఇల్లు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వేమడిగినవ్ బిడ్డా? తోడుకు ఎవలింటికి పోతవ్ అన్నవ్. నేను మీ ఇంటికి తోడుకు పోతనా? పోను. అడిగినదానికి చెప్పిన."

"గోడ మీద గిన్నె పెడుతున్నారు కదా."

ఆమె తువ్వాలు మడిచి భుజాన వేసుకుంది. "మా అత్త మీ గడి ముంగట సల్లకు నిలబడేది. లోపటికెల్లి ఎవలో ఒకలు వచ్చేదాక గట్లనే ఎండల నిలబడుడు. గా నిలబడుడు ఎట్లుంటదో సచ్చేదాక చెప్పింది. మీ బర్రె పోయిన్నాడు అనుకున్న, గీమెను నా వాకిట్ల నిలబెట్టద్దని. గంతే. దీనికి లెక్కలేంది?"

నా నోటికి ఆమెను పిలిచే మాట ఏదీ లేదు. లోపలికి వచ్చేశాను. నా నియమం ప్రకారం ఆమె మాట అంకెగా మారదు, అది మా ఇంటివాళ్లు నోటితో చెప్పాలి. అమ్మ చెప్పదు. నేను చెబితే బాపు పెరుగు మానేస్తాడు.

ఆదివారం సాయంత్రం బడి వరండాలో అందరూ కలిశారు. అమ్మ ఆడవాళ్లలో, బాపు తెచ్చుకున్న తన కుర్చీలో. పటం పెద్ద కాగితం మీద గీసి గోడకు అంటించాను. జనం ఎగబడి తమ ఇళ్లు వెతుక్కున్నారు.

"అగో, గీడ మనది! తోటికోడలు పక్కనే పడ్డది నీ పాపం!"

"ఇగ బోరు కాడికి పోవుడెందుకు, ఇంట్లకెల్లే కొట్లాడుకోవచ్చు."

నవ్వులు చల్లారాక, ఆ బెల్లంపల్లి ముసలాయన వేలు పెట్టి చూపించాడు. "దొరోరిల్లేందే, గంత దూరం కాల్వ ఒడ్డుకు ఏత్తివి? సొంతిల్లు మరిసినవా?"

"మరవలేదు. తోడుకు మేం ఎవరింటికీ పోం. మా ఇంటికి ఎవరూ రారు. లెక్క అక్కడికి తీసుకెళ్లింది."

అందరూ బాపు వైపు చూశారు. కాదన్నాడంటే అంతా అయిపోయినట్టే. ఆయన లేచి పటం దగ్గరికి వచ్చాడు. కాలువ ఒడ్డున మా ఇంటి గుర్తు వైపు చూశాడు. ఆ నడుములో ఎప్పటిలాగే ఒక్క వంపు లేదు.

"లెక్క తప్పు," అన్నాడు.

నేను పటం వైపు తిరిగాను.

"మేము తినే పెరుగు," అని ఆయన నా వైపు కాదు, జనం వైపు తిరిగాడు, "మా వెనక గోడ అవతలోళ్ల తోడు. ఏండ్ల సంది. ఎవలదో తెల్వక తింటున్ననా నేను? రాసుకో బిడ్డా. మా ఇల్లు వాళ్లింటి పక్కన కావాలె." ఎప్పుడూ వాడని మాటను నోట్లో వెతికి తెచ్చుకున్నట్టు, "అడుగుతున్న," అన్నాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరికంటే ముందు తేరుకున్నది గోడ అవతలామే.

"ఇన్నరా ఓ అమ్మలాలా! దొర నోటెంట అడుగుడు ఇన్నం. ఇయ్యాల వాన కొట్టకపోతే నన్నడుగుర్రి!"

వరండా మొత్తం గొల్లుమంది. బాపు మూతి కూడా కదిలింది. అది నవ్వేనని నేను ప్రమాణం చేయలేను.

అక్కడే మెట్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి ఒక్క సున్నా మార్చాను. వెనక జనం ఒకరి భుజాల మీదుగా ఒకరు వంగారు. ఇళ్లు మళ్లీ చెదిరాయి, మళ్లీ తిరిగాయి. తెల్లచుక్క కాలువ దగ్గర కొంచెం తచ్చాడింది. తర్వాత పొద్దుగూకే వేళ కొట్టానికి దారి తెలిసిన పశువులా, తొందరేమీ లేకుండా, వీధులు దాటి లోపలికి వచ్చింది. మూడో వీధిలో ఆమె ఇంటి పక్కన ఆగింది. ఇంకెన్ని తరాలు గడిచినా కదల్లేదు.

"తూర్పు ముఖమేనా?" బాపు అడిగాడు.

"కాదు బాపు, ఉత్తరం."

ఆయన ఆలోచించాడు. "కానియ్యి."

ఆఫీసరు ఆ పటమే ఒప్పుకున్నాడు. సారుకు పంపిన నివేదికలో రాశాను, డేటా తప్పు కాదు, నా ప్రశ్న తప్పు అని. తోడు అడగడానికి ఎవరింటికి పోతారని అడిగాను, ఎవరికి అడగకుండా ఇస్తారని అడగలేదు. క్వాంటం లెక్క మళ్లీ నడిపితే ఆ నాలుగిళ్లలో మాది ఎక్కువసార్లు ఆమె ఇంటి పక్కనే తేలింది. ఎప్పుడైనా ఒకసారి మాత్రం ఇంకెక్కడో కనిపించేది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచాను. అంత తిరిగిన ఇంటికి ఆ మాత్రం చెల్లుతుంది.

కొత్త ఊర్లోకి వచ్చిన మొదటి వేసవి. ఇళ్లకు ఇంకా ప్రహరీలు లేవు, గిన్నె పెట్టడానికి గోడే లేదు. సాయంత్రం అమ్మ పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, చిన్న స్టీలు గిన్నె నా చేతికిచ్చింది. వీధిలో అందరూ బయటే ఉన్నారు. ఇప్పుడు పక్కింట్లో ఉన్న ఆ గోడ అవతలామె వాకిట్లో నిలబడ్డాను. లోపల పొయ్యి మీద ఏదో చిటపటలాడుతోంది. పిలవాలి. గిన్నె మరో చేతికి మార్చుకున్నాను.

"చిన్నమ్మా," అన్నాను.

లోపల చప్పుడు ఆగింది. తర్వాత ఆమె గొంతు వచ్చింది: "గాడ నిలబడ్డవేంది? లోపటికి రా."

గిన్నె పట్టుకుని, నడుము నిటారుగానే, లోపలికి వెళ్లాను.